తమ్ముడికి రాసిచ్చిన జవాబు

నాన్న పోయిన పదకొండో నెలలో తమ్ముడు నన్నొక మాట అడిగాడు. "అక్కా, నాన్న నమ్మారు కాబట్టి అనకు. అమ్మ నమ్ముతోంది కాబట్టి అనకు. చిన్నప్పట్నుంచీ అలవాటైపోయిందని అసలే అనకు. యేసుప్రభువును నువ్వెందుకు నమ్ముతున్నావో కాగితం మీద రాసివ్వు. చదువుతాను. మధ్యలో అడ్డు రాను."

వాడు ఆరాధనకు రావడం మానేసి అప్పటికి చాలా రోజులైంది. ఎవరితోనూ గొడవ పడలేదు, ఎవరి నమ్మకాన్నీ ఎగతాళి చెయ్యలేదు. నోరు మెదపకుండా తప్పుకున్నాడు. రాత్రి ప్రార్థనలో అమ్మ వాడి పేరు ఎత్తగానే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. అలాంటివాడు తనంతట తాను అడిగేసరికి నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. వారం రోజుల్లో రాసిస్తానన్నాను. పద్నాలుగు నెలలు పట్టింది.

ఆ పద్నాలుగు నెలల సంగతే ఇది. నాలాగే ఇంట్లోవాళ్ళకు జవాబు చెప్పుకోవలసినవాళ్ళు చాలామంది ఉంటారని తెలుసు. వాళ్ళను తల్చుకుంటూ రాస్తున్నాను.

మొదటి రాత్రే పన్నెండు పేజీలు రాశాను. చెయ్యి ఆగలేదు. తెల్లారి మళ్ళీ చదువుకుంటే గుండె జారిపోయింది. అందులో ఒక్క మాటా నాది కాదు. కూడికల్లో విన్నవి, ప్రసంగాల్లోంచి నోట్సు రాసుకున్నవి, ఫోన్లో ఎవరో పంపితే నేను ఇంకొకరికి పంపినవి. ఒక్కటీ సరిచూసుకున్నది లేదు. తమ్ముడు ఏ మాటైనా తిరగేసి బోర్లేసి చూసే మనిషి. ఒక పేజీలో అబద్ధం దొరికితే మిగతా పదకొండు పేజీలూ పక్కన పెట్టేస్తాడు. అలా పెట్టేస్తే తప్పు వాడిది కాదు.

అందుకని ఒక్కొక్కటే సరిచూడ్డం మొదలుపెట్టాను. యెహోషువ కాలంలో సూర్యుడు నిలిచిపోయిన రోజును నాసా కంప్యూటర్లు కనిపెట్టాయన్న కథ మొదట పోయింది. అలాంటిది ఎప్పుడూ జరగలేదు. ఆ కథను నేను సండేస్కూలు పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. తర్వాత డార్విన్ మరణపడక మీద మారుమనస్సు పొందాడన్నది. ఆయన చనిపోయింది 1882లో, ఆ కథ అచ్చయింది 1915లో. తండ్రి చివరి ఘడియల్లో పక్కనే ఉన్న కూతురు అది నిజం కాదని 1922లో రాసింది. ఎర్రసముద్రం అడుగున ఫరో రథచక్రాలు, కొండ మీద నోవహు ఓడ, ఇవి కూడా పోయాయి. చూపించగల ఆధారం ఎక్కడా లేదు.

నాకు ఏడుపొచ్చింది. "అబద్ధసాక్ష్యము పలుకకూడదు" అని కంఠస్థం చేయించిన నోటితోనే ఇవన్నీ చెప్పాను. దేవుడి పక్షాన చెప్పినంతమాత్రాన అబద్ధం సాక్ష్యమైపోదు. ఆ పిల్లల్లో కొందరు ఇప్పుడు కాలేజీల్లో చదువుతున్నారు. నంబర్లు దొరికినవాళ్ళకు ఫోన్ చేసి, ఫలానా రోజు నేను చెప్పిన సంగతి నిజం కాదమ్మా, తెలియక చెప్పాను, క్షమించండి అన్నాను. ఒకమ్మాయి, "పర్లేదు టీచర్, నాకు ఇంటర్లోనే తెలిసింది" అంది. ఇన్నేళ్ళూ ఆ అమ్మాయి నాతో అనలేదు. మనసులో నా మాటల్ని ఎక్కడ పెట్టుకుని ఉంటుంది?

నిజంగా గట్టివనుకున్నవాటికీ దెబ్బ తగిలింది. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ యేసు గురించి ఒక పేరా రాశాడు. "ఆయనే క్రీస్తు", "మూడో రోజున సజీవుడై కనబడ్డాడు" అనే మాటలు అందులో ఉన్నాయి. క్రైస్తవుడు కానివాడే ఇలా రాశాడు చూడండని ఆ పేరాను నేను గర్వంగా చూపించేదాన్ని. చదివితే తెలిసింది, అలాంటి మాటలు తర్వాత ఎవరో క్రైస్తవ లేఖకుడు చేర్చినవేనని పండితుల్లో ఎక్కువమంది అభిప్రాయం. 3వ శతాబ్దపు క్రైస్తవ పండితుడు ఓరిగెనే జోసీఫస్ యేసును క్రీస్తుగా ఒప్పుకోలేదని రాశాడు. కాబట్టి ఆ పేరాను పూర్తిగా వాడుకునే హక్కు నాకు లేదు. కానీ అదే గ్రంథం ఇరవయ్యో భాగంలో ఇంకో చిన్న మాట ఉంది. దాని మీద అంత పేచీ లేదు. ఆ చిన్న మాటే చివరికి నా జవాబుకు నడుంకట్టు అయింది. దాని గురించి కాస్త ఆగి చెబుతాను.

అంతకంటే భయపెట్టింది మార్కు సువార్త. పదహారో అధ్యాయం 9 నుంచి 20 దాకా ఉన్న వచనాలు 4వ శతాబ్దపు రెండు గొప్ప ప్రతుల్లో, సినాయి ప్రతిలోనూ వాటికన్ ప్రతిలోనూ లేవు. వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ, నాకు ప్రాణంతో సమానమైన కథ, యోహాను సువార్త పాత ప్రతుల్లో లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. "బైబిల్ని మార్చేశారు" అని తమ్ముడు ఒకసారి అంటే నేను విసుక్కున్నాను. వాడి మాటలో కొంత నిజం ఉంది కదా అనిపించింది.

రెండు వారాలు నోట్‌బుక్ ముట్టలేదు. తర్వాత నెమ్మదిగా ఒకటి అర్థమైంది. ఈ వచనాలు తర్వాత చేరాయని మనకెలా తెలిసింది? కొత్త నిబంధన గ్రీకు ప్రతులే 5,000 పైచిలుకు మిగిలి ఉన్నాయి కాబట్టి. వాటిలో ఎక్కువ శాతం మధ్యయుగాలవే, ఆ సంగతి దాచకూడదు. కానీ ఎవరో ఒకరు ఒకచోట కూర్చుని అన్నిటినీ ఒకేసారి మార్చడం కుదరదు. ఒకచోట చేరితే ఇంకోచోట లేకపోవడం పట్టిస్తుంది. 1947 నుంచి మృతసముద్రం పక్క గుహల్లో దొరికిన చుట్టల్లో యెషయా గ్రంథం మొత్తం ఉంది. అప్పటిదాకా చేతిలో ఉన్న హెబ్రీ ప్రతులకంటే సుమారు వెయ్యేళ్ళు పాతది. పోల్చి చూస్తే చాలావరకు అక్షరాల తేడాలు, అక్కడక్కడా నిజమైన పాఠభేదాలు. గ్రంథం మాత్రం అదే గ్రంథం. నేను నోట్‌బుక్‌లో ఇలా రాసుకున్నాను: "నా బైబిల్ ఆకాశంనుంచి ఊడిపడలేదు. మనుషుల చేతుల మీదుగా వచ్చింది. ఆ చేతుల వేలిముద్రలు కనబడుతున్నాయి." అలా రాశాక నా ప్రేమ తగ్గలేదు. భయం తగ్గింది.

సైన్సు గురించి వాడు పెద్దగా అడగలేదు, నేనూ పెద్దగా రాయలేదు. ఒక్క మనిషి సంగతే రాశాను. విశ్వం వ్యాకోచిస్తోందని 1927లోనే లెక్కగట్టిన జార్జ్ లెమైత్ర్ కథోలిక గురువు. తర్వాత బిగ్ బ్యాంగ్‌గా పేరు పడిన ఆలోచనకు మూలం ఆయనదే. 1951లో పోప్ ఆ సిద్ధాంతం సృష్టివాదానికి తోడు నిలుస్తోందన్నట్టు మాట్లాడితే ఆయనకు నచ్చలేదు. నా లెక్కల్ని దేవుడికి రుజువుగా వాడకండన్నదే ఆయన పట్టుదల. లెక్క తప్పయితే విశ్వాసం కూలిపోకూడదు, లెక్క ఒప్పయినంత మాత్రాన విశ్వాసం పుట్టదు. ఆ నిజాయితీ చూసి ఆయన మీద నాకు ఎంతో గౌరవం కలిగింది.

"ఇంకో ఇంట్లో పుట్టుంటే ఇంకో దేవుణ్ణి మొక్కేదానివి కదా" అనే ప్రశ్న మాత్రం వాడు ఏళ్ళ తరబడి అడిగిందే. జవాబు: అవును, బహుశా మొక్కేదాన్నే. వేరే దేవుణ్ణి మొక్కేవాళ్ళలో నాకంటే మంచివాళ్ళు ఎందరో నాకు తెలుసు, వాళ్ళను తక్కువ చేసే మాట ఈ నోట్‌బుక్‌లో ఒక్కటీ ఉండకూడదనుకున్నాను. కానీ ఒక మాట నాకెలా చేరిందన్నది ఒకటి, ఆ మాట నిజమా కాదా అన్నది ఇంకొకటి. దేవుడే లేడనుకునే ఇంట్లో పుట్టినవాళ్ళకూ ఈ ప్రశ్న వర్తిస్తుంది కదా. పుట్టుక తలుపు దాకా తెస్తుంది. లోపల ఏముందో చూడాల్సింది మనమే.

ఇక అసలు సంగతి.

పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదిహేనో అధ్యాయం నాకు చిన్నప్పటినుంచీ నోటికొచ్చు. భూస్థాపన కూడికల్లో చదువుతారు. నాన్నప్పుడూ చదివారు. అప్పుడు ఒక్క అక్షరం చెవిన పడలేదు. ఇప్పుడు చరిత్ర పుస్తకం చదివినట్టు చదివాను. ఆ పత్రిక రాసింది సుమారు క్రీ.శ. 54లో, అంటే సిలువ జరిగి పాతికేళ్ళు కూడా దాటని రోజుల్లో. అందులో పౌలు, "నాకియ్యబడిన ఉపదేశమును మొదట మీకు అప్పగించితిని" అంటాడు. అంటే ఆ మాటలు ఆయన అల్లినవి కావు, ఆయనకంటే ముందు ఉన్నవారు చెప్పుకుంటున్నవి. క్రీస్తు మృతిపొందెను, సమాధిచేయబడెను, మూడవదినమున లేపబడెను. తర్వాత ఎవరికి కనబడ్డాడో వరసగా చెబుతాడు. కేఫా, అంటే పేతురు. పన్నెండుగురు శిష్యులు. అయిదువందల మందికి పైగా సహోదరులు, వాళ్ళలో చాలామంది ఇంకా బతికే ఉన్నారని ఒక మాట. అంటే, కావాలంటే వెళ్ళి అడగండని. ఆ తర్వాత, "తరువాత యాకోబుకును".

ఈ యాకోబు ప్రభువు సహోదరుడు. కథోలికులు దగ్గరి బంధువంటారు, ఇంకొందరు యోసేపు మొదటి భార్య కొడుకంటారు. అది వేరే చర్చ. ఒకే ఇంటి మనిషన్నది మాత్రం అందరూ ఒప్పుకునేదే. ఆయన గురించి సువార్తలు దాచిపెట్టని ఒక చేదు నిజం ఉంది: "ఆయన సహోదరులైనను ఆయనయందు విశ్వాసముంచలేదు." మార్కు ఇంకా కఠినంగా రాశాడు. యేసుకు మతి చలించిందని చెప్పి ఇంటివాళ్ళే ఆయన్ను పట్టుకోబోయారట. పొగడాలని కూర్చున్నవాడెవడూ ఇలాంటిది కల్పించడు.

ఆ పేజీ దగ్గర నేను చాలా రోజులు ఉండిపోయాను. ఒకే చాప మీద పడుకుని పెరిగినవాళ్ళకు ఒకరి సంగతి ఒకరికి తెలిసినట్టు లోకంలో ఇంకెవరికీ తెలియదు. నా కోపం, నా భయం, నేను ఆడిన అబద్ధాలు తమ్ముడికి తెలుసు. నేను దేవుడి దగ్గర్నుంచి వచ్చానంటే మొట్టమొదట తల అడ్డంగా ఊపేది వాడే. యాకోబూ ఊపాడు. పైగా అన్న సిలువ మీద చచ్చాడు. మ్రాను మీద వేలాడదీయబడినవాడు శాపగ్రస్తుడని ధర్మశాస్త్రం. ఆ చావుతో యాకోబు అనుమానం రుజువైపోయినట్టే. అక్కడితో కథ ముగియాలి.

ముగియలేదు. కొన్నేళ్ళకు పౌలు యెరూషలేము వెళ్ళి కేఫా దగ్గర పదిహేను రోజులున్నప్పుడు ఈ యాకోబును చూశానని గలతీయులకు రాశాడు. ఇది ఎవరో చెప్పగా విన్నది కాదు, ఎదురెదురుగా కలిసిన మనిషి. అదే పత్రికలో యాకోబును సంఘానికి స్తంభమని ఎంచబడినవారిలో ఒకడిగా చెప్పాడు. ఇక జోసీఫస్ చెప్పిన ఆ చిన్న మాట. క్రీ.శ. 62లో రోమా అధిపతి ఫేస్తు చనిపోయి, కొత్త అధిపతి ఇంకా రాకముందు, ప్రధానయాజకుడు అననస్ సందు చూసుకుని సభ కూర్చి, "క్రీస్తు అనబడిన యేసు సహోదరుడైన యాకోబు"ను, మరికొందరిని రాళ్ళతో కొట్టి చంపించాడు. రాసినవాడు క్రైస్తవుడు కాదు. యేసును పొగడటం అక్కడ అతని ఉద్దేశమే కాదు.

నమ్మని తమ్ముడు. అవమానకరంగా చచ్చిన అన్న. ఆ అన్న సంఘానికి స్తంభమై, ముప్పై ఏళ్ళ తర్వాత రాళ్ళ దెబ్బలు తిని చచ్చిన అదే తమ్ముడు. ఈ రెండు చివరల మధ్య ఏం జరిగింది? పౌలు ఇచ్చిన జవాబు ఒక్కటే: కనబడ్డాడు. దానికంటే మెరుగ్గా అతికే జవాబు కోసం నేను నిజంగా వెతికాను. నాకు దొరకలేదు.

ఒక జవాబు మాత్రం నన్ను చాలా ఇబ్బంది పెట్టింది, ఎందుకంటే అది మా ఇంట్లోనే ఉంది. నాన్న పోయాక అమ్మకు చాలా నెలలు నాన్న గొంతు వినబడేది. ఒకసారి తలుపు దగ్గర నిలబడి ఉన్నారని కూడా చెప్పింది. దుఃఖంలో ఉన్నవాళ్ళకు అలా కనబడటం, వినబడటం మామూలేనని వైద్యులు చెబుతారు. శిష్యులకూ అలాగే జరిగి ఉండొచ్చు కదా? తమ్ముడు తప్పకుండా అడుగుతాడు. అమ్మనే అడిగాను. "అమ్మా, నాన్న కనబడ్డప్పుడు ఏమనుకున్నావు?" అమ్మ అంది: "పోయారని ఇంకా గట్టిగా తెలిసింది."

సరిగ్గా అదే తేడా. పోయినవాళ్ళు కనబడితే మనిషి చావునే గుర్తుచేసుకుంటాడు, సమాధి ఖాళీ అయిందని ఊరంతా చాటడు. ఆ కాలపు యూదులకు పునరుత్థానమంటే లోకాంతంలో అందరికీ కలిసి జరిగేది. చనిపోయిన లాజరు సహోదరి మార్త కూడా అంత్యదినమందే అంటుంది. మధ్యలో ఒక్కడికి, అదీ సిలువ వేయబడినవాడికి జరుగుతుందని ఎవరూ ఎదురుచూడలేదు. క్రీ.శ. 135లో రోమీయుల చేతిలో చచ్చిన యూదు తిరుగుబాటు నాయకుడు బార్ కోఖ్బాను ఎందరో మెస్సీయ, అంటే దేవుడు పంపిన రక్షకుడు అనుకున్నారు. ఆయన పోయాక లేచాడని ఎవరూ అనలేదు, ఆశ వదులుకున్నారు. పైగా యేసు తనకూ కనబడ్డాడని చెప్పే పౌలుకు అప్పటికి ఆయన చనిపోయాడన్న దుఃఖమే లేదు, సంఘాన్ని హింసించడంలో మునిగి ఉన్నాడు. యాకోబు దుఃఖంలో ఉన్నాడేమో గానీ నమ్మకంలో లేడు. ఇంకోటి, ఖాళీ సమాధి దగ్గరికి మొదట వెళ్ళింది స్త్రీలు. స్త్రీల సాక్ష్యం చెల్లదని జోసీఫసే రాసిన కాలమది. లూకా నిజాయితీగా చెబుతాడు, అపొస్తలులకే వాళ్ళ మాటలు వెఱ్ఱిమాటలుగా కనబడ్డాయట. కథ అల్లేవాడు అలాంటి సాక్షుల్ని ముందు నిలబెట్టడు.

సిలువను మెడలో వేసుకునే రోజుల్లో పుట్టిన మనకు ఆ రోజుల్లో సిలువ అంటే ఎంత సిగ్గో తెలియదు. రోములో పాలటీన్ కొండ మీద గోడకు గీసిన ఒక పిచ్చిగీత 1857లో బయటపడింది. సిలువ మీద గాడిద తల మనిషి, ఎదురుగా చెయ్యెత్తిన ఒక యువకుడు, కింద "అలెక్సామెనోస్ తన దేవుణ్ణి పూజిస్తున్నాడు" అని గ్రీకులో. ఎవరో అతన్ని వెక్కిరించడానికి గీశారు. నేను ఆ బొమ్మను చూసి అలెక్సామెనోస్ కోసం చాలాసేపు ఆలోచించాను. ఎవడతను? ఆ గోడ పక్కనుంచి రోజూ ఎలా నడిచాడు? అతని దేవుడూ నా దేవుడూ ఒకరే.

ఇంతవరకూ రాసినది తొమ్మిది నెలల పని. తమ్ముడికి నిజంగా కావలసింది ఇది కాదని నాకు మొదటినుంచీ తెలుసు. పక్కకు తప్పించుకుంటూ వచ్చాను.

నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు మేమంతా ఉపవాసముండి ప్రార్థించాం. తమ్ముడు అందరికంటే ఎక్కువ ప్రార్థించాడు. నాన్న పోయారు. మూడో రోజున సంఘ పెద్ద ఒకాయన తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, "విశ్వాసం ఇంకొంచెం ఉండాల్సింది బాబూ" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఏమీ అనలేదు. వాడు ఆరాధన మానేసింది దేవుడు లేడని కాదు. ఆ మాట నిజమైతే నాన్నను చంపింది తానేనని.

ఆ మాటకు జవాబు రాయడానికి నాకు మూడు నెలలు పట్టింది, అక్కడ చెరిపేసినన్ని పేజీలు ఇంకెక్కడా చెరపలేదు. చివరికి నిలిచింది ఇదీ. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రార్థించాడు: "సాధ్యమైతే ఈ గిన్నె నాయొద్దనుండి తొలగిపోనిమ్ము". మూడుసార్లు అడిగాడు. గిన్నె తొలగలేదు. ప్రార్థనకు జవాబు రాకపోవడం విశ్వాసం చాలకే అయితే, ఆ రాత్రి విశ్వాసం చాలనిది ఎవరికి? పౌలు తన శరీరంలో ముల్లు అని చెప్పుకున్న బాధను తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. తీయలేదు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగితే, వీడిదీ కాదు వీడి తల్లిదండ్రులదీ కాదన్నాడు ప్రభువు. యోబు స్నేహితులు ఏడు రోజులు మాట్లాడకుండా నేల మీద కూర్చున్నంతసేపూ మంచి స్నేహితులే. కారణాలు చెప్పడం మొదలుపెట్టాక చెడిపోయారు, దేవుడే వాళ్ళ మీద కోపగించాడు. నాన్న పోయిన మూడో రోజున ఆ పెద్దమనిషి చెప్పినది వాక్యం కాదు. వాక్యం ఖండించిన మాట. "ఆ రోజు నేను నోరు తెరవాల్సింది రా. తెరవలేదు. నన్ను క్షమించు" అని రాశాను. మొత్తం నోట్‌బుక్‌లో నేను పేరు పెట్టి వాడితో మాట్లాడింది అక్కడే.

మరి నాన్నను ఎందుకు బతికించలేదు? నా దగ్గర జవాబు లేదని రాశాను. దేవుడి చిత్తమని ఒక్క ముక్కలో తేల్చెయ్యడానికి నాకు మనసొప్పలేదు. నా దగ్గర ఉన్నవి రెండే. ఒకటి, 88వ కీర్తన. కీర్తనలన్నీ ఎంత ఏడ్చినా చివరికి స్తుతి వైపు తిరుగుతాయంటారు గానీ ఇది తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని అక్కడే ఆగిపోతుంది. అలాంటి ప్రార్థనను కూడా దేవుడు తన గ్రంథంలో ఉంచుకున్నాడు. రెండోది, లాజరు సమాధి. ఇంకాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా యేసు అక్కడ నిలబడి ఏడ్చాడు. ఏడవకండి, అంతా మంచికే అని చెప్పగలిగినవాడు ఎవరైనా ఉంటే ఆయనే. చెప్పలేదు. "యేసు కన్నీళ్లు విడిచెను." చావును చూసి ఏడ్చే దేవుణ్ణి నేను నమ్మగలను. చావును పైనుంచి చూసి లెక్క సరిపోయిందనే దేవుణ్ణి నమ్మమంటే నేనూ తమ్ముడితో పాటే బయటికి వెళ్ళిపోతాను.

సంఘం చేసిన తప్పుల గురించి ఒక పేజీ రాశాను. 1099లో యెరూషలేములో సిలువ గుర్తు వేసుకున్నవాళ్ళు చేసిన ఊచకోత, వాక్యం చూపించి మనుషుల్ని బానిసలుగా అమ్ముకున్న శతాబ్దాలు. వాటిని సమర్థించే ఒక్క మాట రాయలేదు. 4వ శతాబ్దంలోనే నిస్సా గ్రెగొరీ అనే బిషప్పు దేవుని పోలికలో ఉన్న మనిషికి వెల కట్టగలవాడెవడని అడిగాడు. అడిగినవాడూ సంఘంవాడే, వినకుండా పోయినవాళ్ళూ సంఘంవాళ్ళే. ఆ తప్పుల్ని తప్పులని తేల్చే కొలబద్ద నాకు ఆ సిలువ దగ్గరే దొరికింది.

చివరి పేజీలో, ఇదంతా కలిపినా రుజువు కాదని రాశాను. చరిత్ర నన్ను సమాధి వాకిలి దాకా తెచ్చింది, సాక్షులు నమ్మదగినవారని చెప్పింది. అక్కడ్నుంచి ఒక అడుగు నేనే వెయ్యాలి. ఎందుకు వేశానంటే, నా జీవితంలో నేను దాచుకున్న సిగ్గులన్నీ తెలిసి కూడా నన్ను విడిచిపెట్టని ఒక ప్రేమను నేను ఎరుగుదును. మా కుటుంబంలో మాట్లాడుకోకుండా పదేళ్ళు గడిపిన ఒక మనిషి దగ్గరికి నేను వెళ్ళి క్షమాపణ అడిగింది ఆ ప్రేమ తోసిన తోపుకే. తమ్ముడికి ఆ సంగతి తెలుసు. నా స్వభావం తెలిసినవాడు కాబట్టి అది ఎంత పెద్ద సంగతో కూడా తెలుసు.

నోట్‌బుక్ ఇచ్చాను. మూడు వారాలు ఏమీ అనలేదు. తర్వాత తిరిగిచ్చాడు. పేజీల అంచుల్లో పెన్సిల్‌తో రాశాడు. ఒకచోట నేను లెక్క తప్పాను, దిద్దాడు. ఇంకోచోట, "సిలువ వేసినవాళ్ళను అసలు సమాధి చెయ్యనిచ్చేవారా?" అని అడిగాడు. సాధారణంగా ఇవ్వకపోయేవారేమో గానీ, 1968లో యెరూషలేము దగ్గర దొరికిన ఒక ఎముకల పెట్టెలో యెహోహానాన్ అనే మనిషి మడమ ఎముక ఉంది, మేకు ఇంకా అందులోనే ఉంది. అంటే సిలువ వేయబడిన మనిషిని ఇంటివాళ్ళు తీసుకెళ్ళి పాతిపెట్టుకోవడం జరిగింది. ఆ సంగతి కింద రాసిచ్చాను. క్షమించమన్న పేజీలో ఏమీ రాయలేదు. ఆ కాగితం మాత్రం తడిసి ఆరినట్టు ముడతపడి ఉంది.

యాకోబు పేజీ కింద ఒక ప్రశ్న ఉంది. "కనబడ్డప్పుడు అన్న ఇతనితో ఏమన్నాడు అక్కా?"

కొత్త నిబంధనలో ఎక్కడా లేదు. "తరువాత యాకోబుకును", అంతే. అదే చెప్పాను. వాడు కాసేపు ఊరుకుని, "సరే, మార్కు సువార్త మొదట్నుంచీ చదువుదాం. రోజూ రాత్రి ఫోన్లో. ప్రార్థన మాత్రం వద్దు" అన్నాడు. సరేనన్నాను. మాట తప్పలేదు, ఫోన్ పెట్టేశాక నా ప్రార్థన నేను చేసుకుంటున్నాను.

నిన్న రాత్రి ఆరో అధ్యాయం. చదివే వంతు వాడిది. "ఇతడు మరియ కుమారుడు కాడా? ఇతడు యాకోబు..." దాకా వచ్చి ఆగాడు. లైను తెగిందేమోననుకుని నేను పిలవబోయాను. అంతలో వాడి గొంతు మళ్ళీ వినబడింది, ఆ వచనాన్ని మొదట్నుంచి చదువుతూ.